ఆమె మీకు ఏమవుతుంది?

పూనా
10-7-1965

అక్కకు తమ్ముడు నబీ రసూల్ సలాములు.

అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? బావ గుంతకల్లు నుంచి ఆదివారాలైనా ఇంటికి వస్తున్నాడా, లేక ఆ రైళ్ళనే కట్టుకున్నాడా? ఇక్కడ ఒకటే వాన. నా గొడుగు విరిగిపోయింది. ముదిగుబ్బలో చుక్క రాలలేదని నువ్వు రాసినప్పటి నుంచి ఈ వానను చూస్తే కోపం వస్తోంది.

అసలు సంగతి రాస్తాను, నవ్వకుండా చదువు. బొంబాయిలో ఒక గణకయంత్రం ఉంది, గది నిండా ఉంటుంది. ఇంతవరకు దానిచేత లెక్కలే చేయించారు. ఇప్పుడు దానికి భాష నేర్పాలి, మనిషిలా ఆలోచించడం నేర్పాలి అని కొందరు పట్టుబట్టి కూర్చున్నారు. డిసెంబరులో అక్కడే సదస్సు. అందులో మాట్లాడాలంటే ముందు ఒక పేజీ ప్రతిపాదన పంపాలి. పెద్దలు చూసి సరేనంటే చిన్న పత్రం రాయాలి. చిన్నదంటే నాలుగు పేజీలే, కానీ నా పరిశోధన ముందుకు సాగేదీ లేనిదీ ఆ నాలుగు పేజీల మీదే ఉంది.

ఏం రాయాలో తోచక చాలా రోజులు తల పట్టుకున్నాను. చివరికి మన వీధే గుర్తొచ్చింది. మన ఊళ్ళో ఎవరూ ఎవరినీ ఉత్తపేరు పెట్టి పిలవరు కదా! కొత్త మనిషి బస్సు దిగి టీ తాగేలోపల అతనికి ఏదో ఒక వరస కుదిరిపోతుంది. ఒకసారి కుదిరాక అతని పెళ్ళాం ఏమవుతుందో, పిల్లలు ఏమవుతారో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ వరసలు కలిపే సూత్రాలు యంత్రానికి చెబితే, ఎవరు ఎవరిని ఏమని పిలవాలో అది తేల్చగలదా? ఇదీ నా ప్రతిపాదన.

అందులో ఉదాహరణగా మన అమ్మనూ హనుమంతమ్మ అత్తనూ పెట్టాను. ఒకరు నమాజు చేస్తారు, ఒకరు కదిరి నరసింహస్వామికి మొక్కుతారు. మధ్యలో ఒక గోడ. రక్తం కలవదు. అయినా నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటున్నారు. ఆ వరస ఎట్లా మొదలైందో అమ్మనడిగి రాసి పంపు.

నీ తమ్ముడు
రసూల్

ముదిగుబ్బ
24-7-1965

తమ్ముడు రసూల్‌కు అక్క నూర్జాన్ దువా.

నవ్వొద్దన్నావు కాబట్టి నవ్వు ఆపుకుని చదివినాను. చదివి అయిపోయినాక నవ్వినాను. అంత దూరం పోయి, అంత చదువు చదివి, అత్తను అత్త అని పిలవాలని యంత్రానికి చెప్పేది పని అయిందా నీకు? మన తిప్పన్నను పంపిస్తాను, టీ అంగడి మూసుకుని వచ్చి ఒక్క పూటలో చెప్పేసి పోతాడు.

అమ్మను అడిగినాను. "అది చెప్పేదేముండాది? వదిన కాబట్టి వదిన" అనింది. గట్టిగా పట్టుకుంటే చెప్పింది. ఓబన్న మామకూ హనుమంతమ్మత్తకూ పెళ్ళి బత్తలపల్లెలో. పెళ్ళికి బండి కట్టింది మన నాయన బాబావలి. పెళ్ళికూతురు బండెక్కి ముదిగుబ్బ దాకా ఏడుపేనంట. ఏంటికమ్మా అంత ఏడుస్తావని నాయన అడిగితే, "నాకు అన్నదమ్ములు లేరు. నన్ను చూసిపోయేదానికి ఎవరూ రారు" అనిందంట. నాయన ఎద్దులను నిలిపి, "నీ ఇంటి పక్కనే నా ఇల్లు. నేను రానా?" అన్నాడంట. అంతే, ఆమెకు అన్న అయిపోయినాడు. మనకు అత్త అయింది. నీకు పేరు పెట్టిన దినం ఉయ్యాల్లో వేసింది కూడా ఆ అత్తే.

ఆ ఏడాది మొదలు ప్రతి ఉగాదికీ నాయన ఆమెకు పుట్టింటి చీర పెట్టినాడు. నాయన పోయినాక అమ్మ పెడతా ఉంది. వద్దులే వదినా అని హనుమంతమ్మత్త అంటే, "మీ అన్న పాయ గానీ నేను పోలేదు కదా" అంటుంది అమ్మ. ఆ చీర కట్టుకుని ఆమె మన గడపలో నిలబడినాకనే మన ఇంట్లో ఉగాది అయినట్టు.

వేసిన వేరుశనగ విత్తనం భూమిలోనే మాడిపోయింది. ఓబన్న మామ పొద్దున లేచి ఆకాశాన్ని తిట్టి, ఆ తర్వాతే మొహం కడుక్కుంటాడు. వాన అంతా నువ్వే తడవకుండా కాస్త ఇటు తోలు.

నూర్జాన్

పూనా
30-8-1965

అక్కకు సలాం.

ప్రతిపాదన ఒప్పుకున్నారు! ఉత్తరం చేతికొచ్చిన రోజు నీకూ అమ్మకూ చెప్పలేక, హాస్టల్ వంటవాడికి చెప్పాను. అతనికి ఏమీ అర్థం కాలేదు, కానీ ఇంకో చపాతీ వేశాడు.

బండిలో పెళ్ళికూతురు కథ మా ప్రొఫెసర్ గారికి బాగా నచ్చింది. కానీ ఆయన ఒక మాట అన్నారు. "ఇది కథ నాయనా, సాక్ష్యం కాదు. ఒక్క జంటతో సూత్రం నిలవదు. వీధి వీధంతా అడిగించు. ఇద్దరినీ విడివిడిగా అడిగించు. అందరినీ ఒకే మాటలతో అడిగించు." అందుకని మా సంస్థవాళ్ళు తమ దీపం ముద్రతో కార్డులు అచ్చువేసి ఇచ్చారు. ఈ కట్టలో పంపుతున్నాను. ఒక్కో మనిషికి ఒక్కో కార్డు. పైన పేరు రాయి, పక్కింటి మనిషి పేరు చెప్పి, "ఆమె మీకు ఏమవుతుంది?" అని అడుగు. మొదట ఏం చెబితే అదే రాయి. నీ మాట కలపొద్దు, గుర్తు చేయొద్దు. ముఖ్యంగా ఒకసారి అడిగాక మళ్ళీ అడగొద్దు. రెండోసారి అడిగితే మనుషులు మనకు నచ్చేటట్టు చెబుతారట. ఇది మా శాస్త్రంలో గట్టి నియమం అక్కా, నాకోసం ఈ ఒక్కటీ తప్పకుండా చూడు.

అమ్మనూ అత్తనూ కూడా అట్లాగే అడుగు. వాళ్ళు వదిన అనకుండా ఇంకేమంటారు గానీ, పద్ధతి పద్ధతే.

రసూల్

ముదిగుబ్బ
26-9-1965

తమ్ముడికి దువా.

కార్డులన్నీ రాసి ఈ ఉత్తరంతోపాటే రిజిస్టరు చేసినాను. విప్పి చూసి నువ్వే చెప్పు, నాకైతే మనసు బాగలేదు.

నీ కార్డు మీద దీపం బొమ్మ ముద్ర చూసి మొదటి దినం నుంచే జనం లేచి కూర్చునేది, నాకు చాప వేసేది మొదలుపెట్టినారు. నన్ను చూస్తే "ఏమే నూర్జా" అనేవాళ్ళు "రాండమ్మా" అన్నారు. నాకూ కొంచెం దొరసాని మాదిరే అనిపించింది, అబద్ధమెందుకు.

మొదట అమ్మను అడిగినాను. నీ నియమం ప్రకారం, వాకిట్లో ఎవరూ లేనప్పుడు. అమ్మ కార్డు తీసుకుని తిప్పి చూసింది. "రాసే తీరాల్నా?" అనింది. రాయాలన్నాను. "వదిన" అని చెప్పి లేచిపోయింది.

ఆ తర్వాత గోడ అవతలికి పోయినాను. ఓబన్న మామ గొర్రెలను తోలుకుని తుంగభద్ర కాలవ కిందికి పోయి నెల దాటింది. అత్త ఒంటిగా ఉంది. ఎంత చిక్కిపోయిందో చూస్తే గుర్తుపట్టలేవు. అమ్మ పేరు చెప్పి, "గౌస్‌బీ మీకు ఏమవుతుంది?" అని నువ్వు చెప్పిన మాటల్లోనే అడిగినాను. ఆమె కార్డు వైపు చూసింది, ముద్ర వైపు చూసింది. తల వంచుకుని, "ఏమీ కాదు. నాకెవరూ ల్యారు. అదే రాసుకో పాపా" అనింది.

మళ్ళీ అడుగుదామని నోటిదాకా వచ్చింది. నువ్వు వద్దన్నావని అడగలేదు. ఆమె చెప్పిందే రాసినాను.

ఆ తర్వాత వీధంతా అదే వరస. రామలక్ష్మమ్మ నాకెవరూ లేరనింది. నల్లప్ప సొంత తమ్ముడినే ఎవరో అన్నాడు. వాన కరువొస్తే మనిషికి ఇంత కరువొస్తుందా? మన అత్త మనసులో ఇన్నేళ్ళూ ఇదేనా ఉన్నది? నాకు కోపం వచ్చింది. రెండు దినాలు ఆమె వాకిలి వైపు చూడలేదు.

నూర్జాన్

పూనా
12-10-1965

అక్కకు సలాం.

కార్డులు అందాయి. చూడగానే నా పత్రం అంతా పోయిందనుకున్నాను. ఏడుపు మొహం వేసుకుని ప్రొఫెసర్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కార్డులు ఒక్కొక్కటే తిరగేసి కళ్ళజోడు తీసి, "పిచ్చివాడా, ఇది నువ్వు వెతికినదానికంటే పెద్దది" అన్నారు. వరస అంటే శాశ్వతం అని అందరూ అనుకుంటున్నారు. కాదు, అది పంటలాంటిది, కరువులో నిలవదు అని నీ కార్డులు చెబుతున్నాయి. ఈ మాట ఇంతకుముందు ఎవరూ సాక్ష్యంతో చెప్పలేదట.

నాలుగు పేజీలూ తిరగరాశాను. యంత్రానికి కొత్త సూత్రం కూడా ఇచ్చాను: కష్టకాలం వస్తే పిలుపు వరసలను కొట్టివేయాలి. అమ్మా అత్తల జంటే అందులో ముఖ్యమైన సాక్ష్యం. పేర్లు వేయలేదులే, అత్తను 'క' అన్నాను, అమ్మను 'గ' అన్నాను. 'గ' ఉంది అంటోంది, 'క' లేదు అంటోంది. నిన్ననే పంపేశాను.

అత్త అట్లా అన్నదంటే నాకూ బాధగానే ఉంది. ఉయ్యాల్లో వేసిన చెయ్యి కదా. కానీ ఉన్నది ఉన్నట్టు చూడడం నేర్చుకోవాలని ప్రొఫెసర్ గారు అంటారు. అమ్మకు ఈ సంగతి తెలుసా? తెలియకపోతే చెప్పకు.

రసూల్

ముదిగుబ్బ
21-11-1965

రసూల్‌కు,

దువా తర్వాత చెప్తాను. ముందు ఇది చదువు.

పోయిన వారం బడి దగ్గర గంజి కేంద్రం పెట్టినారు. ధర్మవరం పట్టు వ్యాపారులు కొందరు కలిసి పెట్టిందంట. వచ్చినవాళ్ళకు వచ్చినట్టు పోస్తున్నారు, నువ్వెవరు, నీకెవరున్నారు అని ఒక్కరూ అడగలేదు. తిప్పన్న గిన్నె పట్టుకుని నా పక్కన నిలబడి, "మరి నువ్వు రాసుకుపోయిన కార్డులు ఏమాయక్కా? దిక్కులేనోళ్ళకే గంజి అంటిరే" అన్నాడు. ఎవరన్నారప్పా అంటే, "ఊరంతా అనుకుండ్లే! ఎవురన్నా ఉండారని చెప్తే పేరు కొట్టేస్తారంట. నీకు దెలీదా? నువ్వే కదా రాస్తివి" అన్నాడు.

ఊరందరికీ తెలిసిన పుకారు నాకొక్కదానికే తెలియలేదు. కార్డులు పట్టుకుని తిరిగిందాన్ని నేనే కదా, నాకెవరు చెప్తారు!

అక్కడి నుంచి నేరుగా అత్త ఇంటికి పోయినాను. నన్ను చూసి ఏడ్చింది. "మీ మామ ఆడ, నేనీడ. అప్పటికి రెండు దినాలుగా పొయ్యి మీద ఏమీ పెట్టలేదు పాపా. ఆ ముద్ర చూసి నోట్లో నుంచి వచ్చేసింది. మా వదిన నాకేమీ కాదా? ఆమె లేకపోతే ఈ ఊర్లో నాకేముండాది?" అనింది.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పబోయినాను. అప్పుడు తెలిసింది. అత్త కార్డు రాసిన దినం అమ్మ గోడకు ఇవతలే కూర్చుని చింతగింజలు ఏరుతా ఉందంట. అంతా విన్నది. అప్పటి నుంచి అత్తతో మాట్లాడలేదు, నేనే గమనించుకోలేదు. అత్త దినమూ గోడ దగ్గరికి వచ్చి, "వదినా" అని పిలుస్తుంది. అమ్మ పలకదు.

ఆకలికి చెప్పిందమ్మా అన్నాను. అమ్మ ఏమనిందో తెలుసునా? "గంజి సంగతి నాకూ తెలుసు. నేనూ పస్తే ఉంటిని. అయినా వదినే అని రాయించినా. ఆమె నన్నొక మాట అడిగింటే, నేనే చెప్పుదును, లేదని రాయించుకో వదినా అని. అడగకుండా కొట్టేసింది."

నువ్వు ఆ పత్రం వెనక్కి తీసుకో. అమ్మకు ఒక ఉత్తరం రాయి. నువ్వు చెప్తే వింటుంది.

నూర్జాన్

పూనా
2-12-1965

అక్కా,

నీ ఉత్తరం అందిన పూటే ప్రొఫెసర్ గారి ఇంటికి వెళ్ళాను. ఆయన తప్పుగా మాట్లాడలేదు. కార్యక్రమం అచ్చయిపోయిందనీ, ఇప్పుడు మానుకుంటే ఇంకెప్పుడూ మన ప్రతిపాదన చదవరనీ అన్నారు. భయంతో అన్నా, ప్రేమతో అన్నా జవాబు జవాబే అన్నారు. నేను కాదనలేకపోయాను. కాదనాలని లేదేమో కూడా, నీకు దాచను. ఈ సదస్సు కోసం ఎంత ఎదురుచూశానో నాకే తెలుసు.

చదివి వచ్చేస్తాను. తర్వాత దిద్దుతాను. అచ్చు పుస్తకం వేసేటప్పుడు దిద్దుకోవచ్చట.

అమ్మకు వేరే కాగితం మీద రాశాను, చదివి వినిపించు. తప్పు అడిగినవాడిదే గానీ చెప్పినవాళ్ళది కాదని రాశాను. శాస్త్రం కోసం అడిగిన ప్రశ్నను మనసులో పెట్టుకోవద్దని రాశాను.

రసూల్

ముదిగుబ్బ
30-1-1966

తమ్ముడికి దువా.

సదస్సులో అందరూ చప్పట్లు కొట్టినారని రాసినావు. సంతోషం.

నీ కాగితం అప్పుడే అమ్మకు చదివినాను. విని, "బాగా చదువుకున్నాడు" అనింది. పొగిడిందో తిట్టిందో తెలియలేదు.

ఓబన్న మామ వచ్చి అత్తను కాలవ కిందికి తీసుకుపోయినాడు. అక్కడ కలుపు పని ఉందంట, ఇక్కడ తాగే నీళ్ళకే దిక్కులేదు. పోయే ముందు మూట నెత్తిన పెట్టుకుని మన వాకిట్లోకి వచ్చింది. "వదినా, పొయ్యొస్తా" అనింది. ఎవరు ఊరికి పోతున్నా పోయిరా అని ఇంటామె అనాల కదా, అది వినకుండా గడప దాటరు కదా. అమ్మ పొయ్యి ముందర కూర్చుని ఉంది. పొయ్యిలో నిప్పు కూడా లేదు. అత్త ఇంకోసారి, "వదినా" అనింది. నేను అమ్మ భుజం పట్టుకుని ఊపినాను. కదల్లేదు. "బస్సు పోతాది పద" అని మామ పిలిస్తే అత్త పోయింది. సందు మలుపు దాకా వెనక్కి చూసుకుంటానే పోయింది.

బస్సు చప్పుడు వినబడకుండా పోయినాక అమ్మ బయటికి వచ్చింది. "పోయిందా?" అనింది. "ఇంగొక్కసారి పిలిస్తే పలుకుదామని ఉంటినే" అనింది. ఆ దినమంతా గోడను ఆనుకునే కూర్చుంది.

నాకు నీ మీద కోపం లేదు రసూల్. ఆ కార్డు మీద రాసిన చెయ్యి నాది.

నూర్జాన్

ముదిగుబ్బ
4-4-1966

తమ్ముడికి,

ఉగాదికి ముందు అమ్మ నన్ను బజారుకు తోలింది. పుట్టింటి చీర తెమ్మనింది. ఎర్రంచు చీర తెచ్చినాను. "తిరిగొస్తాది కదా, ఇస్తా" అని పెట్టెలో పెట్టి, దినానికొకసారి తీసి చూసుకునేది. మడత మార్చి మళ్ళీ పెట్టేది. నాకు లోపల సంతోషంగానే ఉండింది. చీర తెచ్చుకున్న మనిషి మాట కూడా తెచ్చుకుంటుందిలే అనుకున్నాను.

నిన్న మీ బావ గుంతకల్లు నుంచి ఓబన్న మామను వెంటపెట్టుకుని వచ్చినాడు. స్టేషనులో ఒక్కడే కూర్చుని ఉంటే చూసి తీసుకొచ్చినాడంట. అత్త లేదు. జ్వరం వచ్చిందంట. కాలవ గట్టున వేసుకున్న గుడిసెలోనే పోయిందంట. ఉగాది కూడా చూడలేదు.

ముత్తైదువ పోతే పుట్టింటి చీర కప్పాల కదా. పోయేదానికి ముందు దినమే మామ, ముదిగుబ్బకు కబురు పంపిస్తానే అన్నాడంట. వద్దనిందంట. మామ చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. "నాకెవరూ ల్యారని నేనే రాయిస్తి. ఇప్పుడు ఏ మొగం పెట్టుకుని చీర అడిగేది? ఉన్న చీరతోనే మట్టిసెయ్యి అనింది నూర్జా. అట్లే చేసినా."

అమ్మ ఏడవలేదు. లోపలికి పోయి ఎర్రంచు చీర తెచ్చి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దీపాలు పెట్టే వేళకు, "ఓబన్నా, నన్ను ఆడికి తీసకపో" అనింది.

నూర్జాన్

పూనా
20-4-1966

అక్కా,

నీ ఉత్తరం అందింది. నన్ను ఉయ్యాల్లో వేసిన మనిషికి ఒక ప్రశ్న పంపించాను. అంతకుమించి నేను ఆమెకు ఏమీ పంపలేదు. చదువుకుని ఉద్యోగం వస్తే ఉగాది చీర నేనే పెడతానని చిన్నప్పుడు ఆమెకు మాట ఇచ్చాను. గుర్తుందా నీకు? నేను మరచిపోయాను.

సదస్సు పుస్తకం వేస్తున్నవాళ్ళకు, నా పత్రం తీసేయండి, సాక్ష్యం తప్పు అని రాశాను. ప్రొఫెసర్ గారికి చెప్పకుండానే రాశాను. వాళ్ళు జవాబిచ్చారు. ఊరికే తీసేయరట. తప్పని నువ్వంటే చాలదు, ఆ ఇద్దరినే అట్లాంటి కార్డుల మీద మళ్ళీ అడిగి పంపు, అప్పుడు మారుస్తాం అన్నారు. మళ్ళీ అడగొద్దని నీకు రాసింది నేనే.

రెండు కార్డులు పంపుతున్నాను. రెండోది ఎందుకు పంపుతున్నానో నాకే తెలియదు. ఒక్కటే పెట్టి కవరు అంటించడానికి చెయ్యి రాలేదు.

అమ్మ తిరిగి వచ్చిందా?

రసూల్

ముదిగుబ్బ
8-5-1966

తమ్ముడు రసూల్‌కు అక్క నూర్జాన్ దువా.

అమ్మ వచ్చింది. నేనూ కూడా పోయినాను. రైలు దిగి ఎంత దూరం నడిచిందో, ఒక్కసారి కూడా మోకాలు పట్టుకోలేదు. కాలవ గట్టు కింద, తుమ్మచెట్టు పక్కన చూపించినాడు మామ. అమ్మ ఎర్రంచు చీర మడత విప్పి ఆ మట్టి మీద పరిచింది. గాలికి కొంగు లేస్తా ఉంటే అంచుల మీద రాళ్ళు పెట్టింది. మొహం దగ్గరగా వంచి, "పోయిరా వదినా" అనింది. అప్పుడు ఏడ్చింది. నేను పుట్టినాక అమ్మ అట్లా ఏడవడం చూడలేదు, నాయన పోయినప్పుడు కూడా.

నీ కార్డులు వచ్చినాయి. ఏమిటివని అడిగితే దాచకుండా చెప్పినాను. నువ్వు పత్రం వెనక్కి తీసుకోవాలని చూస్తున్నావని కూడా చెప్పినాను. "అడుగు మళ్ళ" అనింది. నీ మాటల్లోనే అడిగినాను. హనుమంతమ్మ మీకు ఏమవుతుంది?

"వదిన. పెద్దక్షరాలు రాయి, వాళ్ళకు కనపడేట్టు" అనింది. రాసినాను.

రెండో కార్డు పైన అత్త పేరు రాసినాను. జవాబు దగ్గర నేనే 'వదిన' అని రాసేద్దామని పెన్సిల్ పెట్టినాను. బొంబాయిలో ఎవరికి తెలుస్తుంది? అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు. ఆమె మాట ఆమే చెప్పాల" అనింది.

"చెప్పింది కదమ్మా. దినమూ గోడ దగ్గర నిలబడి చెప్పింది. పోయే దినం వాకిట్లో కూడా చెప్పింది" అన్నాను. నా గొంతు కూడా లేచింది, ఆపుకోలేకపోయినాను.

అమ్మ నా చెయ్యి వదల్లేదు. గోడ వైపే చూస్తా, "చెప్పింది. నేనే రాసుకోల్యా" అనింది.

ఆ కార్డు ఖాళీగానే పంపిస్తున్నాను. వాళ్ళు ఏమనుకుంటారో అనుకోనీ. నిన్న మబ్బు పట్టింది గానీ వాన రాలేదు. అమ్మ గోడ పక్కనే మంచం వేయించుకుని పడుకుంటోంది. సెలవు దొరికితే ఒకసారి వచ్చిపో.

నూర్జాన్